పరారీలో ఉన్న స్పాన్సరు

ఆ దేశం పేరు ఇక్కడ చెప్పడం లేదు. చెబితే వాళ్ళకు కోపం వస్తుంది. కోపం వస్తే రేపు ఈ కథ చదివినవాళ్ళకు కూడా వీసాలు ఆగిపోతాయి. బాగా చలిదేశం, బాగా డబ్బున్న దేశం, మహా మర్యాదస్తుల దేశం అనుకుంటే చాలు. ఆ దేశంవాళ్ళు నిడదవోలు పిండిమర మాణిక్యాంబగారికి ఏడు పేజీల దరఖాస్తు ఇచ్చి, ఐదో పేజీలో ఒక చిన్న గడి పెట్టారు. గొడవంతా ఆ గడి దగ్గరే మొదలైంది.

వాళ్ళకు మన భాషలంటే గౌరవం. అందుకని దరఖాస్తు తెలుగులోనే అచ్చు వేశారు. అది ఏ కాలపు తెలుగో వాళ్ళకూ తెలియదు, మనకూ తెలియదు. గడిలో ఇలా ఉంది: "సందర్శకురాలి ప్రయాణ, భోజన, వసతి, వైద్య, వినోద వ్యయములన్నియు భరించు స్పాన్సరు పేరు." దాని కింద చీమతలకాయలంత అక్షరాల్లో: "సందర్శకులు తల్లిదండ్రులైన యెడల స్పాన్సరు వారి సంతానమై యుండవలెను. సందర్శకులు తమ వ్యయమును తామే భరింపరాదు."

మాణిక్యాంబగారి కూతురు ప్రసూన ఆ దేశంలో ఆరేళ్ళుగా ఆసుపత్రి నర్సు. అల్లుడు నాగేంద్ర అక్కడే ఒక గిడ్డంగిలో సూపర్వైజరు. ప్రసూనకు ఇప్పుడు ఏడో నెల. కిందటేడు నాలుగో నెలలో ఒకసారి పోయింది. అప్పుడు ప్రసూన ఫోనులో ఏడుస్తుంటే, మాణిక్యాంబగారు మర ఆపేసి, పిండి చేతుల్తోనే ఫోను చెవికి నొక్కుకుని, "ఊరుకోవే, ఊరుకోవే" అనడం తప్ప ఏమీ చెయ్యలేకపోయింది. ఆ రోజే ఒట్టు పెట్టుకుంది: మళ్ళీ నెల తప్పిన కబురంటూ వస్తే, ఈసారి ఫోను పట్టుకుని కూర్చోనని, ఎలాగైనా పక్కనుంటానని.

అంతవరకూ బాగానే ఉంది. కానీ మాణిక్యాంబగారికి ఇంకో పట్టుదల కూడా ఉంది. మొదటి పురుడు పుట్టింటి ఖర్చు. కాన్పు మందుల దగ్గర్నుంచి బారసాలనాడు పంచే శనగల దాకా పుట్టింటివాళ్ళే పెట్టాలి. దానికోసం ఆవిడ ప్రతి మిరపకాయల సీజనులోనూ ఇంత పక్కన పెడుతూ వచ్చింది. పైగా కూతురి సొమ్ముతో ఆవిడ మంచినీళ్ళయినా ముట్టదు. వాళ్ళింకా ఆ దేశం వెళ్ళకముందు ఒకసారి హైదరాబాదులో అల్లుడిగారింట్లో కాఫీ తాగవలసి వచ్చి, మర్నాడు ఊరొచ్చి వాళ్ళకు రెండు కిలోల కాఫీపొడి పార్సెలు పంపించింది. అంతటి మనిషిని పట్టుకుని, నీ ఖర్చంతా నీ కూతురు పెడుతోందని సంతకం చెయ్యమంటే ఎలా?

"అమ్మా, ఒకే ఒక్క మాట," అంది ప్రసూన ఫోనులో. "ఇంటర్వ్యూలో ఖర్చెవరు పెడుతున్నారని అడుగుతారు. 'మా అమ్మాయి' అని చెప్పు. ఇంకేమీ వద్దు."

"అలాగేలేవే."

"ఏదీ, ఇప్పుడు చెప్పు. ఖర్చెవరు పెడుతున్నారు?"

"నువ్వు పెడుతున్నావని చెప్పాలి."

"చెప్పాలి కాదమ్మా, చెప్పు!"

"నా నోట రాదే ప్రసూనా. మీ నాయనమ్మ వింటే ఏవనుకుంటాది?"

"నాయనమ్మ పోయి ఇరవయ్యేళ్ళయిందమ్మా!"

"పోతే మట్టుకు వినపడదా ఏంటి?"

ప్రసూనకు తల ప్రాణం తోకకొచ్చింది. "నువ్వు రాకపోతే నాకు భయమే అమ్మా," అంది చివరికి, మెల్లగా. మాణిక్యాంబగారు ఇంక వాదించలేదు. ఆ రోజు నుంచి మరలో మిరపకాయలు పోస్తూ "మా అమ్మాయి, మా అమ్మాయి" అని పైకే అభ్యాసం చేసింది. పిండి పట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు పాపం కూతురి మీద బెంగ పెట్టుకుందనుకున్నారు.

ఆ దేశంవాళ్ళ వీసా సౌలభ్య కేంద్రం విశాఖపట్నంలో ఉంది. అద్దాల మేడ, లోపల గజగజలాడే ఏసీ. బహుశా వచ్చినవాళ్ళకు ఆ దేశం ఎలా ఉంటుందో ముందే రుచి చూపిస్తారు కాబోలు. మొదట వేలిముద్రలు తీసుకున్నారు. పన్నెండేళ్ళుగా మిరపకాయలు ఆడిస్తున్న వేళ్ళు మరి. ఆవిడ ముద్రలు వేసి వెళ్ళాక, అక్కడి ఉద్యోగి ఆ అద్దాన్ని వేలితో తుడిచి అదే వేలితో కన్ను నలుపుకున్నాడు. ఆ పూట ఇంక వేలిముద్రల కౌంటరు తెరవలేదు.

ఇంటర్వ్యూ చేసేవారి పేరు అనంతపద్మనాభంగారు. కేంద్రానికి ప్రాంతీయ విచారణాధికారి. ఆయన పుట్టింది అమలాపురంలోనే అయినా, దరఖాస్తును తెలుగులో రాసిపెట్టింది ఆయనే కావడం వల్ల మాట కూడా దరఖాస్తు లాగే ఉండేది. ఆయన వెనక గోడలో పోస్టుడబ్బా మూతిలాంటి చీలిక ఒకటి ఉంది. అవతలి గదిలో ఆ దేశపు అసలు అధికారి ఉంటారట. ఆయన్ని ఎవరూ చూడలేదు. చీలికలోంచి కాగితం లోపలికి వెళ్తే కాగితం బయటికి వస్తుంది, అంతే.

"తమరి పర్యటన యొక్క ప్రధానోద్దేశము?"

"పురుడండి."

"ఎవరిది?"

"మా అమ్మాయిదండి. ఈ వయసులో నాదెందుకవుద్దండి బాబూ?"

అనంతపద్మనాభంగారు నవ్వలేదు. నవ్వడానికి దరఖాస్తులో గడి లేదు. "తమరి వ్యయభారమును ఎవరు వహించుచున్నారు?"

మాణిక్యాంబగారు నీళ్ళు నమిలింది. "మా..." అంది.

"మా?"

"మా అమ్మా..." అంది. ఎదురుగా గోడ మీద మంచుకొండ బొమ్మ ఉంది, దాని మీద అత్తగారి మొహం కనపడింది ఆవిడకు. ఇంక ఆగలేదు. "మా అమ్మాయి పురుటికి మా అమ్మాయే ఖర్చు పెట్టుకుంటే ఇంక నేనెందుకండి, చూస్తా కూర్చోటానికా? నేనే పెడతన్నాను. ప్రతి పైసా నేనే. టిక్కెట్టు నాది, మందులు నావి, బారసాల నాది. ఇదేం చోద్యవండీ! మీ ఆవిడగారి మొదటి పురుడు ఎవరు పోశారో చెప్పండి మీరు?"

అనంతపద్మనాభంగారు కలం ఆపారు. "మా మామగారు," అన్నారు, ఒక్కసారిగా మామూలు తెలుగులో.

"మరి!"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఫైలులో ఇలా రాశారు: "దరఖాస్తుదారు సకల వ్యయములు తానే భరించుచున్నట్లు అంగీకరించినది. ఇట్టి ఆచారము కలదని విచారణాధికారి స్వానుభవముతో ధ్రువీకరించడమైనది." కాగితం చీలికలోకి వెళ్ళింది. పావుగంటకు తిరిగి వచ్చింది. దాని మీద: "వ్యయము భరించువారు స్పాన్సరు. భరింపబడువారు సందర్శకులు. పేర్లు తారుమారైనవి. సవరించి ఆమోదించడమైనది."

మాణిక్యాంబగారు చివరి మాట ఒక్కటే చదువుకుంది. ద్వారకా బస్టాండులో కిలో మిఠాయి కొనుక్కుని, బస్సులో ముక్కూ మొహం తెలియనివాళ్ళకు కూడా పంచుకుంటూ ఇంటికి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ప్రసూన ఫోను చేసింది. గొంతు అగ్గిబుగ్గి అవుతోంది. "అమ్మా! నాకు విజిటర్ వీసా వచ్చింది!"

"నీకెందుకే?"

"అదే నేనూ అడుగుతున్నాను!"

సంగతేమిటంటే, సవరించిన ఫైలులో స్పాన్సరు మాణిక్యాంబగారు, సందర్శకురాలు ప్రసూన. ఆ దేశంలో ఒక మనిషి నివాసీ, సందర్శకురాలూ ఒకేసారి కావడానికి వీల్లేదు. అందుకని ప్రసూన ఆరేళ్ళ నివాసపు కార్డును తాత్కాలికంగా పక్కన పెట్టి, ప్రసవానికి ముందూ వెనకా కలిపి ఐదు నెలల పాటు ఆవిడను అతిథిగా ప్రకటించారు. "మా దేశమునకు స్వాగతము. ఇచ్చట తమరి తొలి అనుభవము మధురమగుగాక" అని రంగుల కార్డు కూడా పంపించారు. ప్రసూన ఆ కార్డును తన పెళ్ళినాటి ఫొటో పక్కన, ఆరేళ్ళుగా అద్దె కడుతున్న తన సొంత హాల్లో కూర్చుని చదువుకుంది.

తరవాత వచ్చిన ఉత్తరంలో అనంతపద్మనాభంగారి సాంస్కృతిక వివరణ ఉంది. "ప్రసవ వ్యయమును ఎవరు భరింతురో వారి నివాసమే ప్రసవార్థినికి పుట్టిల్లు. సందర్శన చిరునామాగా పేర్కొన్న మూడవ అంతస్తు ఫ్లాటు ఇందుమూలముగా శ్రీమతి మాణిక్యాంబగారి గృహముగా గుర్తింపబడినది."

నాగేంద్ర నెమ్మదస్తుడు. అయినా ఇది చదివి ఉండబట్టలేక, "మరి నేనెవరింట్లో ఉంటున్నట్టు?" అని వాళ్ళకు ఈమెయిలు పెట్టాడు. మర్నాటికే జవాబు వచ్చింది. "తమరు అత్తవారింట ఉన్నారు. దిగువ గడులలో ఒకదానిని గుర్తించి పంపగలరు: ఇల్లరికము, తాత్కాలికము." నాగేంద్ర చాలాసేపు ఆలోచించి తాత్కాలికమని పెట్టాడు. అలా పెట్టినవాళ్ళు తమ సొంతింటి చిరునామా కూడా ఇవ్వాలి. ఆ ఫ్లాటు చిరునామాయే మళ్ళీ ఇచ్చాడు. దానికి వాళ్ళేమీ అభ్యంతరం చెప్పలేదు. "ఒకే చిరునామాలో రెండు గృహములుండుట నిబంధనలకు విరుద్ధము కాదు. మాణిక్యాంబగారి గృహము అమలులో ఉన్నంతవరకు తమరి గృహము నిద్రాణస్థితిలో ఉండును" అని రాశారు. గుమ్మం మీద పేరు కూడా మార్చి పెట్టమన్నారు.

ఇంత జరిగినా మాణిక్యాంబగారికి వీసా మాత్రం లేదు. కాన్పుకి ఇంక నాలుగు వారాలే ఉంది. ఆవిడ కాళ్ళకు బలపాలు కట్టుకుని మళ్ళీ విశాఖపట్నం వెళ్ళింది.

"స్పాన్సరుకు వీసా ఉండదమ్మా," అన్నారు అనంతపద్మనాభంగారు. "వీసా అతిథికి ఇస్తారు. స్పాన్సరు ఆ దేశములోనే ఉండును గదా."

"నేను ఇక్కడే ఉన్నాను కదండీ!"

"ఫైలు ప్రకారము లేరు."

మాణిక్యాంబగారు కుర్చీలో కూలబడింది. "అయ్యా, నాకు మీ ఫైలూ వద్దు, నా పేరుతో ఇల్లూ వద్దు. కిందటేడు నా బిడ్డకి అలా జరిగితే పక్కన పెద్ద దిక్కంటూ ఒక్కరు లేరు. ఈసారి నేను వెళ్ళాలి. దానికి భయంగా ఉందండి." ఆవిడకు తన మీద తనకే కోపం వచ్చింది. ఆ రోజు 'మా అమ్మాయి' అని ఒక్క మాట అనేస్తే పోయేదానికి, ఇంతదాకా తెచ్చుకుంది.

అనంతపద్మనాభంగారు ఇబ్బందిగా కదిలారు. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి నిబంధనల పుస్తకం తీశారు. ఓదార్చడానికి ఆయనకు తెలిసిన మార్గం అదొక్కటే. పైకే చదవసాగారు. "నిబంధన పంతొమ్మిది. సందర్శకురాలు వచ్చినప్పుడు స్పాన్సరు తన నివాసమందు ఉండి ఆమెను స్వీకరింపవలెను. స్వీకరింపని యెడల..." అని పేజీ తిప్పారు.

"యెడల?"

"సదరు స్పాన్సరు పరారీలో ఉన్నట్లు భావించి, ఎచ్చట నున్నను వెదకి, స్వగృహమునకు రప్పింపవలెను."

కొంచెంసేపు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు తేరుకున్నది మాణిక్యాంబగారే.

"మా అమ్మాయి వచ్చేసిందాండి మీ ఫైల్లో?"

"వచ్చినది. ఆరేళ్ళ క్రిందటనే వచ్చినది."

"నేను స్వీకరించానా?"

"లేదు."

"నా ఇంట్లో ఉన్నానా?"

"లేరు."

"మరింకేం చూస్తన్నారండి? పట్టుకోండి నన్ను."

అనంతపద్మనాభంగారు లేచి నిలబడ్డారు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఆయనకు ఇలాంటి అవకాశం రాలేదు. "అమ్మా, తమరు స్వచ్ఛందముగా లొంగిపోవుచున్నారా?"

"ఆయ్, ఏదో ఒకటి రాసుకోండి. తొందరగా పట్టుకోండి. పదో తారీకున ఖాళీ సీట్లున్నాయంట."

కాగితం చీలికలోకి వెళ్ళింది. ఈసారి అయిదు నిమిషాల్లోనే ఎర్ర సీలుతో తిరిగి వచ్చింది: 'పరారీలో ఉన్న స్పాన్సరును స్వగృహమునకు చేర్చు పత్రము'. దానికి వీసా అక్కర్లేదు. టిక్కెట్టు కూడా ఆ ప్రభుత్వమే పెట్టుకుంటుంది. అది వినేసరికి మాణిక్యాంబగారు మళ్ళీ అడ్డం తిరిగింది. "సర్కారు సొమ్ముతో పురుటికి వెళ్తానాండి నేను? నా టిక్కెట్టు నేనే కొనుక్కుంటాను." పరారీలో ఉన్న మనిషి తన ఖర్చుతో తను పట్టుబడడానికి నిబంధనల్లో ఎక్కడా అడ్డు లేకపోవడంతో, సరేనన్నారు.

పిండిమర తోడికోడలికి అప్పజెప్పి, శొంఠి, వాము, బాలింత కాయం, కారప్పొడులు, కాఫీపొడి, ఆఖరికి పంచదారతో సహా సర్దుకుని మాణిక్యాంబగారు విమానమెక్కింది. ఆ దేశపు విమానాశ్రయంలో ఎర్ర సీలు చూసి ఇద్దరు ఆజానుబాహులు ఆవిడను పక్క గదిలోకి తీసుకెళ్ళారు. ఫోనులో ఒక తెలుగు దుబాసీ గొంతు వచ్చింది.

"ఎంతకాలంగా పరారీలో ఉన్నారని అడుగుతున్నారండి."

"పుట్టినప్పట్నుంచీ కదండీ, యాభై ఆరేళ్ళుగా."

వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. అంతకాలం దొరక్కుండా తిరిగిన మనిషిని వాళ్ళు చూడలేదట. సంచీలోని కారప్పొడి ఏమిటో తెలుసుకుందామని ఒకాయన మూత తీసి వాసన చూశాడు. తరవాత ఇంకేమీ తెలుసుకోలేదు. ఆవిడను కారులో కూర్చోబెట్టి, మూడో అంతస్తు దాకా సామాను మోసి, గుమ్మం మీద 'మాణిక్యాంబ నివాసము' అన్న బోర్డు సరిచూసుకుని, తాళంచెవి ఆవిడ చేతిలోనే పెట్టి వెళ్ళారు. లోపల్నుంచి ప్రసూన నిండు కడుపుతో పరుగులాంటి నడకతో వచ్చింది.

"రావే, రా. కూర్చో," అంది మాణిక్యాంబగారు. ఇల్లు తనది మరి, మర్యాద చెయ్యాలి కదా. ఆ మాట అంటూనే కూతుర్ని పట్టుకుని బావురుమంది.

ఆవిడ వచ్చిన పన్నెండో రోజున నొప్పులు వచ్చాయి. ఈసారి ఫోను అక్కర్లేకపోయింది. పద్నాలుగు గంటలు ప్రసూన తల్లి చెయ్యి వదల్లేదు, తల్లి కూడా కదల్లేదు. ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలకు కొంచెం పైన. కౌముది అని పేరు పెట్టారు. ఆసుపత్రి కాగితంలో, ప్రసవ సమయంలో పక్కనున్నవారు అన్న చోట 'స్పాన్సరు' అని రాసుకున్నారు.

తరవాతి మూడు నెలలూ మాణిక్యాంబగారికి ఆడింది ఆట. బియ్యం ఆవిడ కొన్నది, పాలు ఆవిడ కొన్నవి, అద్దె కూడా పట్టుబట్టి ఆవిడే కట్టింది. నాగేంద్ర పని నుంచి వచ్చి, "అత్తయ్యగారూ, కాఫీ ఉందా?" అని అడిగితే, "మీకు లేకపోవడమేంటి బాబూ, అల్లుడుగారు కదా" అని తన పొడితో, తన పంచదారతో చేసి ఇచ్చేది. నాగేంద్రకు తన సొంతింట్లో ఇంత మర్యాద ఎప్పుడూ జరగలేదు. ఇల్లు నిద్రాణస్థితిలో ఉండడమే హాయిగా ఉందని ప్రసూనతో అన్నాడు కూడా.

మూడో నెల నిండే వారంలో గుమ్మం దగ్గర పొడుగాటి ఓవర్కోటులో ఒకాయన ప్రత్యక్షమయ్యారు. అనంతపద్మనాభంగారు! ఈ ఫైలును నడిపిన తీరుకు మెచ్చుకుని ఆయనకు పదోన్నతి ఇచ్చి, ఆ దేశానికే తెప్పించుకున్నారట. ఇప్పుడాయన ఆచార సమన్వయాధికారి. ముక్కు చలికి ఎర్రగా కందిపోయి ఉంది.

"సందర్శకురాలి గడువు శుక్రవారముతో ముగియును," అన్నారు. "ఆమె పుట్టిల్లు విడిచి వెళ్ళవలెను."

"ఎక్కడికండి?" అంది ప్రసూన.

"అత్తవారింటికి. అనగా ఇచ్చటికే."

మాణిక్యాంబగారు తల ఊపింది. ఆవిడకు ఇందులో వింతేమీ కనపడలేదు. మూడో నెలలో పిల్లనీ తల్లినీ సారె పెట్టి పంపించాలి, ఎవరైనా చేసేదే. శుక్రవారం పొద్దున్నే తలంటి పోసి, ప్రసూనకు కొత్త చీర కట్టబెట్టి, ఒళ్ళో చలిమిడి, పసుపు, కుంకుమ పెట్టి, సున్నుండల డబ్బా, పిల్లకు వెండి గిన్నె చేతికిచ్చింది. తీసుకెళ్ళడానికి రావలసిన అల్లుణ్ణి అంతకు ముందే బయటికి పంపించి, కాలింగ్ బెల్ కొట్టించి, కాళ్ళకు నీళ్ళిచ్చి లోపలికి పిలిచారు. అనంతపద్మనాభంగారు వాచీ చూసుకుంటూ రాసుకున్నారు: "అల్లుని ఆగమనము, పది గంటల అయిదు నిమిషములు."

ముగ్గురూ లిఫ్టులో కిందికి దిగి మళ్ళీ పైకి రావాలి. ఈలోగా బోర్డు మార్చాలి. అంతే పని. రెండు నిమిషాలు పట్టదు. ప్రసూన పిల్లనెత్తుకుని నవ్వుతూనే లిఫ్టులోకి అడుగు పెట్టింది. మాణిక్యాంబగారు కూడా నవ్వుతూనే నిలబడింది. తలుపు మూసుకోబోతుండగా, "జాగ్రత్త తల్లీ, వేళకి తిను" అంది, పంపించేటప్పుడు ఎవరైనా అనే మాటే. అనేసి కొంగుతో మొహం కప్పుకుంది. లోపల ప్రసూన కూడా మొహం కప్పుకుంది. మూసుకుంటున్న తలుపులో చెయ్యి అడ్డం పెట్టి మళ్ళీ తెరిచి, ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని, ఎక్కడికీ వెళ్ళని ప్రయాణానికి కుళ్ళికుళ్ళి ఏడ్చారు. నాగేంద్ర సున్నుండల డబ్బా పట్టుకుని అంకెల వైపు చూస్తూ నిలబడ్డాడు.

అనంతపద్మనాభంగారి ఫైలులో మొదట్నుంచీ ఖాళీగా ఉండిపోయిన గడి ఒకటుంది. 'బంధుత్వము యథార్థమైనదేనా? ఋజువు జతపరచుము.' ఆయన దాంట్లో టిక్కు పెట్టారు. తరవాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఈ భవనంలో హీటరు మరీ ఎక్కువగా పెడుతున్నారని విసుక్కున్నారు.

లిఫ్టు కిందికి వెళ్ళి పైకి వచ్చింది. బోర్డు మారింది. నాగేంద్ర ఇల్లు నిద్ర లేచింది. ప్రసూన కుడికాలు ముందు పెట్టి తన కాపురానికి తను వచ్చి, వంటింట్లోకి వెళ్ళి, అమ్మకు కాఫీ కలిపి తెచ్చింది.

మాణిక్యాంబగారు ఆ గ్లాసు వైపు చూసింది, ముట్టుకోలేదు. తన పంచదార డబ్బా నిన్నటితో ఖాళీ అయింది. ఇది కూతురి పంచదార.

"ఇప్పుడు తమరి సంగతి," అన్నారు అనంతపద్మనాభంగారు. "సందర్శకురాలు వెళ్ళిపోయినది గనుక తమరు స్పాన్సరు కారు. రెండు రోజులలో దేశము విడువవలెను. లేదా సందర్శకురాలిగా ఉండవచ్చును. అందుకు ఒక స్పాన్సరు కావలెను. సదరు స్పాన్సరు తమరి సంతానము గాని, ఆ సంతానపు సంతానము గాని కావచ్చును." అని ఏడు పేజీల దరఖాస్తు తీసి బల్ల మీద పెట్టారు. మొదటిసారి ఇచ్చినదే. ఐదో పేజీలో అదే గడి.

ప్రసూన సోమవారం నుంచి డ్యూటీలో చేరాలి. పిల్లను చూసుకునే కేంద్రాల్లో ఆరో నెల దాకా తీసుకోరు. "అమ్మా," అంది, గ్లాసు పక్కనే కూర్చుని. "మూడు నెలలమ్మా. ఇప్పుడైనా చెప్పు. దీన్ని వదిలి నేనెలా వెళ్ళను?"

మాణిక్యాంబగారి ఒళ్ళో కౌముది పెద్దవాళ్ళ లాగా కనుబొమలు ముడేసుకుని దరఖాస్తు వైపే చూస్తోంది. కాఫీ చల్లారిపోతోంది. తనకు ఇక్కడ ఉండాలని ఉంది. ఉండాలంటే ఆ మాట అనాలి. ఆ మాట ఈ జన్మకు రాదని ఆవిడకు తెలిసిపోయింది.

"ఏవండీ," అంది ఉన్నట్టుండి. "ఈ దేశంలో పుట్టిన ప్రతి పిల్లకీ సర్కారు నెలనెలా ఏదో ఇస్తాదంట కదా. మొన్న కాగితం వచ్చింది."

"శిశుభత్యము. పద్దెనిమిదేళ్ళ వరకు."

"అది ఎవరి సొమ్మండి? అమ్మదా, నాన్నదా?"

"శిశువుదే. ఆమె పేరుననే జమయగును."

"పిల్ల ఇక్కడ పుట్టింది కాబట్టి ఇది దాని పుట్టిల్లే కదండీ? మీరే రాశారు."

"రాసితిని," అన్నారు ఆయన జాగ్రత్తగా.

"మరి స్పాన్సరుకి ఇన్నేళ్ళుండాలని ఉందా మీ పుస్తకంలో?"

అనంతపద్మనాభంగారు పుస్తకం తీశారు. మొదట్నుంచి చివరిదాకా, చివర్నుంచి మొదటిదాకా తిరగేశారు. ఆయన మొహం క్రమక్రమంగా వెలిగింది. "గరిష్ఠ వయస్సు కలదు. కనిష్ఠ వయస్సు లేదు. స్థిరమైన ప్రభుత్వాదాయము, పదిహేడు సంవత్సరముల తొమ్మిది నెలలకు హామీతో! అమ్మా, ఈ దేశమున ఇంతకంటె యోగ్యురాలైన స్పాన్సరు ఉండదు."

గడిలో 'కుమారి కౌముది, వయస్సు మూడు నెలలు' అని రాశారు. వేలిముద్ర కోసం ఆయన వంగేసరికి కౌముది ఆయన కలం గట్టిగా పట్టుకుని వదల్లేదు. "స్పాన్సరు తన సమ్మతిని దృఢముగా తెలియజేసినది" అని ఇంకో కలంతో రాసుకున్నారు. కలం వెనక్కి తీసుకోవడానికి నిబంధనేదీ కనపడక అక్కడే వదిలేశారు.

చివరగా ఆయన గొంతు సవరించుకుని, నిలబడి, పద్ధతి ప్రకారం అడిగారు. "తమరి వ్యయభారమును ఎవరు వహించుచున్నారు?"

"మా మనవరాలండి," అంది మాణిక్యాంబగారు. తడుముకోలేదు. నీళ్ళు నమల్లేదు.

ఆయన వెళ్ళాక ప్రసూన చల్లారిన గ్లాసు తీసుకుని లేచింది. "మళ్ళీ కలిపి తెస్తాను. తాగుతావా? పాలు నావి, పంచదార నాది, ముందే చెప్తున్నాను."

"నీవెందుకవుతాయే? పుట్టిల్లు దానిది, సొమ్ము దానిది." మాణిక్యాంబగారు పిల్ల తలకింద చెయ్యి సర్దుకుని, వెనక్కి వాలి, ఆ ఇంట్లో మొదటిసారి చుట్టం లాగా కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. "రెండు చెంచాల పంచదార వెయ్యి. చిన్నపిల్ల సంపాదన కదా అని పిసినారితనం చెయ్యకు."